అరుదైన వృత్తులు - వానికి వలయు గుణములు

"పెద్దవాడవైన పిమ్మట ఏమి కాదలచితివి?" అని మన పాఠశాలలో ఏ తరగతివారిని ప్రశ్నించినను, వచ్చు సమాధానములను చేతివ్రేళ్ళపై లెక్కింపవచ్చును. వైద్యుడు, ఇంజనీరు, ఉపాధ్యాయుడు, పోలీసు అధికారి, కంప్యూటరు ఉద్యోగి. అంతటితో పట్టిక ముగియును. ఇవి మంచి వృత్తులు కావని ఎవరును అనరు. కాని లోకము నడచుటకు ఇవి మాత్రమే చాలవు. పాముకాటునకు మందు కావలెనన్నచో ముందుగా ఎవరో యొకరు పామును ప్రాణముతో పట్టి తేవలెను. మన యింటికి వచ్చు టీపొడిని మనకంటె ముందుగా ఎవరో రుచి చూచి యుండవలెను. రేవులోనికి వచ్చు ఓడకు ఎవరో దారి చెప్పవలెను. తమిళము రాని తెలుగువాడు తమిళనాట న్యాయస్థానమున నిలబడినపుడు, అతని మాటలను న్యాయాధిపతికి ఎవరో వినిపింపవలెను.

ఇట్టి పనులు చేయువారు దూరదేశములలో లేరు. మన చుట్టుప్రక్కలనే యున్నారు. సంఖ్యలో కొద్దిమంది యగుటచేత మన కంటబడరు. వారి వృత్తులను గూర్చి తెలిసికొనునపుడు ఒక వింత తోచును. ఆ పనికి ఏ గుణము ముఖ్యమని బయటినుండి చూచు మనము తలంతుమో, ఆ పని చేయువారు దానిని అంతగా లెక్కింపరు. వారు విలువనిచ్చు గుణము వేరొకటి యుండును. ఈ వ్యాసమున అట్టి కొన్ని వృత్తులను చెప్పి, వానిలో మన పిల్లలకు మిక్కిలి చేరువయైన దానిని కొంత విపులముగా వివరింపదలచితిని.

చెన్నపట్నమునకు దక్షిణమున, మహాబలిపురమునకు పోవు త్రోవలో వడనెమ్మేలి అను గ్రామము కలదు. పాములు పట్టు ఇరుళరు అను గిరిజనుల సహకార సంఘము అచ్చట పనిచేయుచున్నది. ఇరుళరు తరతరములుగా చెంగల్పట్టు ప్రాంతపు పొలములలోను చిట్టడవులలోను ఎలుకలను, పాములను పట్టి జీవించినవారు. పాముచర్మములకు విదేశములలో గిరాకి యున్న రోజులలో వారు పట్టిన పాములు చర్మము కొరకు చంపబడెడివి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత ఆ వ్యాపారము క్రమముగా నిషిద్ధమయ్యెను. ఇరుళరకు జీవనాధారము పోయెను. అపుడు పాముల శాస్త్రమున ప్రసిద్ధుడైన రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో ఈ సంఘము ఏర్పడెను. చర్మమునకు బదులు విషమును విక్రయించుట దీని పద్ధతి. పాము చావనక్కరలేదు, ఇరుళరు తమ విద్యను విడువనక్కరలేదు.

మనదేశమున పాముకాటు మరణములకు ముఖ్యకారకములుగా నాలుగు జాతులను చెప్పుదురు. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఇరుళరు ప్రభుత్వానుమతితో వీనిని పట్టి తెచ్చి, ఇసుక పోసిన మట్టికుండలలో ఉంచి, కుండమూతికి గుడ్డ కట్టుదురు. కొన్ని వారములలో కొన్ని పర్యాయములు విషము తీసి, పొట్టక్రింది పొలుసుపై గుర్తు చేసి, మరల అడవిలో విడిచివేయుదురు. గుర్తు చేయుట యెందులకన, అదే పామును వెంటనే మరల పట్టకుండుటకు. విషము తీయుట యనగా, పలుచని పొర కట్టిన గాజుపాత్ర అంచును పాముచే కరపించుట. ఆ విషమును ఎండించి ఔషధములు చేయువారికి పంపుదురు. వారు దానిని అతిస్వల్ప మోతాదులలో గుఱ్ఱములకు ఎక్కింపగా, గుఱ్ఱపు రక్తమున విరుగుడు పదార్థములు పుట్టును. ఆ రక్తమునుండియే పాముకాటు మందు తయారగును. 2000 మొదలు 2019 వరకు మనదేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు అంచనా వేసిరి. వడనెమ్మేలి కుండలలోని పాములు ఎవరి ప్రాణములకు సంబంధించినవో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఈ పనికి ధైర్యము కావలెనని మన మందుము. కాని ఇరుళరు పామును వెదకు తీరు చూచినచో, అచ్చట మొదట కనబడునది ధైర్యము కాదు, చూపు. పొలముగట్టుపై వారు నడచునపుడు మాటలు తక్కువ. బొరియ ముఖమున మన్ను నున్నగా నున్నదా, దుమ్ములో సన్నని జాడ ఎటు పోయినది, కుబుసపు తునక ఏమైన చిక్కుకొని యున్నదా, పెంట క్రొత్తదా పాతదా - వీనిని బట్టి లోపల నున్నది ఎలుకా పామా, పామైనచో ఏ జాతిది అని తెలిసికొందురు. తరువాత గునపముతో త్రవ్వుట. పామునకు దెబ్బ తగులరాదు. గాయపడిన పాము విషమునకు పనికిరాదు. ఆత్రపడువానికి అచ్చట చోటు లేదు. ధైర్యమును నలుగురకు చూపగోరువానికి అసలే లేదు. పామును మెడలో వేసికొని ఫొటో తీయించుకొనబోయి కాటుతిన్నవారి వార్తలు పత్రికలలో తరచుగా చదువుచునే యున్నాము. వారిలో ఇరుళరు కానరారు.

వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్ అను ఇద్దరు ఇరుళరకు 2023లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించెను. అంతకుముందు 2017లోనే, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున విపరీతముగా పెరిగిపోయిన బర్మా కొండచిలువలను వెదకి పట్టుటకు అచ్చటి శాస్త్రజ్ఞులు వీరిని పిలిపించుకొనిరి. ఎన్నడును చూడని నేలపై, ఎన్నడును పట్టని పాము జాడలను వీరు కొద్ది దినములలోనే చదువగలిగిరి.

టీ రుచి చూచువాని పని దీనికి పూర్తిగా వేరు. నీలగిరులలోని కూనూరు టీ వేలములకు పేరుపడిన చోటు. వేలమునకు ముందు ప్రతి తోటనుండి వచ్చిన పొడిని కాచి రుచి చూచి వెల నిర్ణయింపవలెను. పొడవైన బల్లపై కప్పులు వరుసగా నుండును. ప్రతి కప్పునకు ఒకే తూకము పొడి, ఒకే కొలత నీరు, నానుటకు ఒకే కాలము. రుచి చూచువాడు చెంచాతో తీసికొని జుఱ్ఱుమని పెద్ద చప్పుడుతో పీల్చి (ఇంటిలో మనము అట్లు చేసినచో అమ్మ ఊరకుండదు), నోట త్రిప్పి, ఉమ్మివేసి, తరువాతి కప్పునకు పోవును. అట్లు పీల్చుటలో గాలి కలసి సువాసన ముక్కువరకు చేరును. దినమునకు వందలకొలది కప్పులు. మంచి నాలుక కావలెనని మన మనుకొందుము. నాలుక అందరకును కలదు. గడచిన వారము చూచిన రుచిని నేటి రుచితో పోల్చుటకు జ్ఞాపకము, ఆ భేదమును కొనువానికి తెలియునట్లు ఒక్క మాటలో చెప్పుటకు పదసంపద, ఈ రెండును అందరకు లేవు.

కొడైకెనాలు కొండపై 1901లో పని ప్రారంభించిన సూర్య పరిశీలనశాల యొకటి కలదు. 1904 మొదలు అచ్చట మబ్బులేని ప్రతిదినమును సూర్యుని ఛాయాచిత్రము తీయు అలవాటు ఏర్పడెను. 1909లో జాన్ ఎవర్షెడ్ అను శాస్త్రజ్ఞుడు సూర్యునిపై గల మచ్చలలో వాయువులు వెలుపలి దిశగా ప్రవహించుచున్నవని కనుగొనినది అచ్చటనే. ఆ కీర్తి ఎవర్షెడ్‌కు దక్కినది, న్యాయమే. కాని నూరేండ్లకు పైబడిన ఆ చిత్రముల వరుస వెనుక పేరు తెలియని పరిశీలకులు ఎందరో యున్నారు. నిన్న తీసినట్లే నేడును తీయుట, మబ్బు పట్టినచో మబ్బు పట్టినదనియే పుస్తకమున వ్రాయుట వారి పని. చిత్రము లేని దినమున ఉన్నట్లు వ్రాసినవాడు ఒక్కడున్నను, ఆ వరుస అంతయు పనికిమాలినదై పోయియుండును.

ఇక ఓడరేవు పైలటు. విమానము నడుపు పైలటును అందరెరుగుదురు. ఈ పైలటును ఎరిగినవారు తక్కువ. వేలకొలది మైళ్ళు సముద్రమున వచ్చిన ఓడ కెప్టెనునకు తన ఓడ సంగతి తెలియును గాని, ఈ రేవులో నీటిక్రింద ఇసుకమేట ఎచ్చటనున్నదో, పోటు ఎప్పుడు ఎంత వేగముతో వచ్చునో తెలియదు. కావున ఓడ రేవు బయట వేగము తగ్గించును. పైలటు చిన్న పడవలో ఎదురేగి, ఓడ ప్రక్కన వ్రేలాడు త్రాటినిచ్చెన పట్టుకొని పైకి ఎక్కును. పడవ అలలపై లేచి పడుచుండును. ఓడ కదలుచునే యుండును. ఒక్క క్షణము ముందుగాని వెనుకగాని నిచ్చెన పట్టినచో ప్రమాదము. నిజముగా ప్రాణములు పోయిన సందర్భములు కలవు. అట్లు ఎక్కి, పైకి చేరిన వెంటనే ఆయాసము కనబడనీయక, కెప్టెనుతో నమస్కారము మొదలగు మర్యాదలు ముగించి, దారి చెప్పనారంభింపవలెను.

విశాఖపట్టణపు రేవు 1933లో ప్రారంభమైనది. డాల్ఫిన్స్ నోస్ అను కొండ ప్రక్కనుండి లోపలి రేవునకు పోవు కాలువ ఇరుకైనది. పెద్ద ఓడకు బండివలె ఆగు స్వభావము లేదు. యంత్రమును వెనుకకు త్రిప్పినను చాల దూరము ముందుకే సాగును. తప్పు జరిగిన తరువాత దిద్దుకొను అవకాశము లేదన్నమాట. కలకత్తా రేవునకు పోవలెనన్నచో హుగ్లీ నదిలో రెండువందల కిలోమీటర్లకు పైగా పైలటు సాయముతోనే పోవలెను; ఆ నదిలో ఇసుకమేటలు చోటు మార్చుకొనుచుండును గావున ఒకనాడు నేర్చిన పాఠము కొన్నాళ్ళకు పనికిరాదు. యానామునకు ప్రక్కనే యున్న కోరంగి ఒకప్పుడు ఓడలకును, ఓడ పనివారికిని పుట్టినిల్లు. బర్మా, మలయా దేశములలో తెలుగువారినందరిని కోరంగివారనియే పిలిచెడివారు. 1839 నాటి తుపాను ఆ రేవును నాశనము చేసినది గాని, నీటిజాడ తెలిసిన మనుష్యులు మన జాతికి క్రొత్త కాదు.

పైలటు ఓడపై చేయు పని అంతయు మాటలతోనే. చుక్కాని అతడు ముట్టడు. "ఎడమకు పది" అని అతడు చెప్పగా, చుక్కాని పట్టినవాడు "ఎడమకు పది" అని ముందు బిగ్గరగా మరల చెప్పి, తరువాత త్రిప్పి, త్రిప్పితినని మరల తెలుపును. విన్నది సరిగా విన్నానని చెప్పినవానికి తెలియజేయుట ఇందలి ఉద్దేశము. కెప్టెను ఒక దేశమువాడు, చుక్కాని పట్టినవాడు మరియొక దేశమువాడు, పైలటు మనవాడు. వారి మధ్య మాట తడబడకుండ అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో నిర్ణీత వాక్యముల పట్టికనే ఆమోదించినది. ఓడ పనికి అది చాలును. ఎడమ, కుడి, వేగము, నిలుపుము అను మాటలకు లోకమంతటను ఒకే అర్థము. మనుష్యుల కష్టసుఖములను పట్టికలో చేర్చుట సాధ్యము కాదు. అచ్చట మాటను ఒడ్డు దాటించుటకు మనుష్యుడే కావలెను. ఆతనినే పూర్వము దుబాసి యనిరి.

ద్విభాషి యను సంస్కృతపదమే వాడుకలో దుబాసి యైనది. చెన్నపట్నపు తొలి దినములలో ఇంగ్లీషు వర్తకులు దుబాసి లేనిదే ఒక తాను గుడ్డయైనను కొనలేకపోయెడివారు. ఆ దుబాసులలో తెలుగువారు అనేకులు. కొందరు కోటీశ్వరులైరి, కొందరు ఇరుప్రక్కలవారిని మోసగించి చెడ్డపేరు తెచ్చుకొనిరి. రెండు భాషలు తెలిసినవాడు ఒక్కడే యైనపుడు, అతడు ఏమి చెప్పినను నమ్మక తప్పదు గదా. ఈ వృత్తికి ఏ గుణము ప్రధానమో ఇందులోనే కలదు.

ఏలూరివారైన కావలి వెంకట బొఱ్ఱయ్య 1796లో కల్నల్ కాలిన్ మెకంజీ కొలువున చేరెను. మెకంజీ తరువాత 1815లో భారతదేశమునకు తొలి సర్వేయరు జనరలు అయినవాడు. గ్రామ చరిత్రలను, శాసనములను, తాళపత్రములను వేలకొలదిగా సేకరింపజేసినవాడు. అట్టివానికి మన భాషలు రావు. ఊరూరికి పోయి, కరణములను, పూజారులను, వృద్ధులను కలసి, వారికి భయము పోగొట్టి మాటలాడించినవారు బొఱ్ఱయ్య, అతని సోదరులు, వారివంటి సహాయకులు. బొఱ్ఱయ్య పాతకన్నడ శాసనముల లిపిని సైతము చదువ నేర్చెను. ముప్పది యేండ్లు నిండకముందే 1803లో మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. నేడు మన గ్రామముల చరిత్ర వ్రాయువారు ఆధారముగా గొను కైఫీయతులు ఆ శ్రమకు ఫలము.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టున దుబాసిగా నుండెను. 1830-31లో పరివారముతో కాశీయాత్ర చేసి, దారిలో తాను చూచినదానిని దినదినము వ్రాసి యుంచెను. అది ఆయన మరణానంతరము 1838లో "కాశీయాత్ర చరిత్ర" యను పేర అచ్చయినది. తెలుగు యాత్రారచనలకు అదియే మొదటి గొప్ప గ్రంథము. ఊళ్ళు, సత్రములు, నీటివసతి, ఆచారములు, ఏదియు ఆయన కన్ను దాటిపోలేదు. ఏండ్లకొలది న్యాయస్థానమున ఇతరుల మాటలను ఒక్క అక్షరము పోకుండ వినుటకు అలవాటుపడినవాడు లోకమును సైతము అట్లే చూచెనని నాకు తోచును.

అట్టి కొలువులు నేటికిని కలవు. సాక్ష్యము తనకు తెలియని భాషలో జరిగినచో, ముద్దాయికి తెలిసిన భాషలో దానిని వినిపింపవలెనని మన చట్టము చెప్పుచున్నది. దుబాసి యథార్థముగా అనువదింతునని ప్రమాణము చేయవలెను. సాక్షివలెనే అతడును ప్రమాణబద్ధుడు. పార్లమెంటున సభ్యుడు తన మాతృభాషయందు మాటలాడునపుడు, అద్దపు గదిలో కూర్చుండి వెంటవెంటనే హిందీలోనికి, ఇంగ్లీషులోనికి మార్చి చెప్పువారు కలరు. ఈ వెంటవెంట చెప్పు పద్ధతి 1945లో జర్మనీలోని న్యూరెంబర్గు విచారణలలో పెద్దయెత్తున ప్రారంభమైనది. అచ్చట ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, జర్మను భాషలు నాలుగును ఏకకాలమున నడచెను. వక్త వేగము ఎక్కువైనచో దుబాసి పసుపు దీపము వెలిగింపజేయును. ఆగవలెనన్నచో ఎఱ్ఱ దీపము. ఇట్టి పనిలో మనస్సు ఎంత త్వరగా అలసిపోవుననగా, ఐక్యరాజ్యసమితి వంటి చోట్ల అరగంట లోపలనే ఒకరు మాని మరియొకరు అందుకొందురు.

రెండు భాషలు గడగడ మాటలాడువాడు దుబాసి కాగలడని తలంచుట పొరపాటు. అతనికి మొదటి శత్రువు తెలిసినట్లు కనబడు మాట. ఒక సాక్షి తమిళమున "అవసరమా పోనేన్" అనెననుకొందము. తమిళమున అవసరము అనగా తొందర. "తొందరగా పోయితిని" అని అతని భావము. మన చెవికి "అవసరముండి పోయితిని" అని తోచును. పని యుండి పోయినవాడు వేరు, తొందరగా పోయినవాడు వేరు. నేరము జరిగిన చోటునుండి పోయినపుడు ఆ భేదము ఒకని జీవితమునే మార్చగలదు. హిందీలో అనుమాన్ అనగా అంచనా; మనకు అనుమానమనగా సందేహము. "మా అనుమానము ప్రకారము" అని ఒక అధికారి హిందీలో చెప్పినదానిని తెలుగున అట్లే పెట్టినచో, నిర్దోషి సైతము సందేహితుడగును. హిందీ శిక్షా యనగా చదువు, మన శిక్ష యనగా దండన. ఇది మన పిల్లలకు నవ్వు పుట్టించును గాని, కొందరకు రెండును ఒకటే యని వారి అభిప్రాయము కావచ్చును. ఒడియాలో రాగ మనగా కోపము. మలయాళమున సంసారమనగా సంభాషణ. ఇరుగుపొరుగు భాషలలో సంస్కృతపదములు ఒకే వేషమున వేర్వేరు బుద్ధులతో తిరుగుచుండును.

రెండవ శత్రువు దయ. ఇది వినుటకు వింతగా నుండును. మన ఇండ్లలో చాలమంది పిల్లలు తెలియకయే దుబాసులైనారు. ఊరినుండి వచ్చిన అమ్మమ్మను ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. ఆమె "కళ్ళు తిరుగుతున్నాయి నాయనా" అనును. మనుమడు ఉన్నదున్నట్లు తమిళమున కండ్ల మాటయే చెప్పినచో వైద్యుడు కండ్లను పరీక్షించును. తమిళులు ఆ బాధను తల తిరుగుచున్నదనియే చెప్పుదురు. ఇది భాషాదోషము, దిద్దుకొనవచ్చును. దీనికంటె పెద్ద దోషము వేరొకటి. వైద్యుడు "ఎన్ని దినములనుండి?" అని అడుగును. మనుమడు అమ్మమ్మను అడుగక, తనకు తెలిసినంతలో "రెండు దినములు" అని తానే బదులు చెప్పును. ఆమెకు పదునైదు దినములనుండి యున్నది. పిల్లలు కంగారుపడుదురని చెప్పలేదు. వైద్యుడు "చాల ఆలస్యము చేసినారు" అని కసరినచో, మనుమడు దానిని "ఏమీ లేదట అమ్మమ్మా, మందు వేసికొమ్మన్నారు" అని తెలుగు చేయును. ప్రేమతోనే చేసెను. కాని ఆ గదిలో మాటలాడుకొనవలసిన ఇద్దరును ఒకరి మాట ఒకరు వినలేదు. గడ్డు రోగముల విషయమున పిల్లలచే మాట చెప్పించుట తగదని పెద్దలు గుర్తింపవలెను. ఆ భారము మోయుట వారి వయస్సునకు మించినది.

నేర్పరియైన దుబాసి "అతడు ఇట్లు చెప్పుచున్నాడు" అనడు. సాక్షి "నేను చూచితిని" అన్నచో దుబాసియు "నేను చూచితిని" అనియే చెప్పును. సాక్షి తిట్టినచో తిట్టునే చెప్పును; మర్యాదస్థుడను గదా యని మెత్తపరచడు. సాక్షి తడబడినచో ఆ తడబాటును దిద్దడు. ఒక మాట రెండర్థముల నిచ్చినచో, తనకు నచ్చినదానిని ఎంచుకొనక, న్యాయాధిపతికి తెలిపి అనుమతితో సాక్షినే మరల అడుగును. మన "మొన్న" అను మాటనే చూడుడు. నిన్నటికి ముందు దినము మొన్నయే. గడచిన నెల యైనను వాడుకలో మొన్నయే. తారీకు ముఖ్యమైన చోట అడుగక విడుచుట అపాయకరము. తెలియనిదానిని తెలియదని నలుగురిలో చెప్పుటకు సిగ్గుపడువాడు ఈ పనికి రాడు.

తమిళనాట నివసించు మన తల్లిదండ్రులకు ఇందులో ఆలోచింపవలసిన సంగతి యొకటి కలదు. "తెలుగు చదివిన పిల్లవానికి ఈ ఊరిలో ఏ కొలువు దొరకును?" అని వారు అడుగుట సహజమే. రెండు భాషల నడుమ పెరుగుట దుబాసికి పెట్టుబడియే. కాని అది దానంతట అది ఫలింపదు. ఇంటిలో నూరు మాటల తెలుగు, వీధిలో నూరు మాటల తమిళము వచ్చినంతమాత్రమున ఎవరును దుబాసి కారు. హోసూరు రైతు తెలుగు ఒకటి, కూలికి చెన్నపట్నము వచ్చిన శ్రీకాకుళమువాని తెలుగు మరియొకటి, వరంగల్లునుండి వచ్చిన వర్తకుని తెలుగు ఇంకొకటి. మన ఇంటి తెలుగు మాత్రమే వచ్చినవాడు తక్కిన ఇద్దరి ముందు మూగవాడగును. వీరందరి మాటలను కలుపు త్రాడు పుస్తకముల తెలుగు. దానిని నేర్చుకొనుటకు మనకు ఈ పాఠశాల తప్ప వేరు చోటు దాదాపు లేదు. అట్లే తమిళమును సినిమా పాటలవరకు గాక, దరఖాస్తులు, తీర్పులు చదువగలుగునంతవరకు నేర్చుకొనవలెను. ఒక భాష కుంటిదైనచో రెండవది దానిని ఈడ్చుకొనిపోలేదు.

"చేతిలోని ఫోను భాషలను మార్చుచున్నది గదా, ఇక దుబాసి యేల?" అని పై తరగతుల విద్యార్థులు అడుగుదురు. సరియైన ప్రశ్నయే. అంగడి పలక చదువుటకు, బస్సు దారి తెలిసికొనుటకు ఫోను చాలును; నేనును వాడుదును. సుప్రీంకోర్టు సైతము తన తీర్పులను భారతీయ భాషలలోనికి మార్చుటకు 2019 నుండి యంత్రసాయము తీసికొనుచున్నది; అయినను యంత్రము చేసినదానిని మనుష్యులు సరిచూచుచున్నారు. యంత్రము "అవసరమా" యను మాటకు సరియైన అర్థమునే ఇచ్చునని ఒప్పుకొందము. దాని మాటకు బాధ్యత వహించి బోనులో ప్రమాణము చేయువారెవరు? ఆ ప్రమాణము చేయగల మనుష్యుడు ఉన్నంతవరకు ఈ వృత్తి యుండును. కాని సగము వచ్చిన భాషలతో పొట్టపోసికొను చిల్లర అనువాదకుల పని మాత్రము యంత్రము తీసికొనిపోవుననుట నిజము.

ఆసక్తి గల విద్యార్థులు నేడే సాధన ప్రారంభింపవచ్చును. ముగ్గురు మిత్రులు కూర్చుండవలెను. ఒకడు తమిళమున మాత్రమే, ఒకడు తెలుగున మాత్రమే మాటలాడవలెను. నడుమనున్నవాడు "నేను" అనియే చెప్పుచు ఇరువురి మాటలను దాటింపవలెను. విషయము సులభమైనదిగా నుండవచ్చును: పోయిన సైకిలు, విరిగిన కుండ, బాకీ. అయిదు నిమిషములు చాలును. నాలుగవ స్నేహితుడొకడు ప్రక్కన కాగితము పట్టుకొని, ఏ పేరు పోయినది, ఏ అంకె మారినది, ఏ మాట చేరినది వ్రాయవలెను. అన్నిటికంటె ముందుగా పోవునవి అంకెలే. అందుచేతనే వృత్తిలో నున్నవారు అంకెలను, పేర్లను చిన్న పుస్తకమున వెంటనే గుర్తు వేసికొందురు, తక్కినదానిని జ్ఞాపకమున ఉంచుకొందురు. ఒంటరిగా నున్నచో రేడియోలో తమిళ వార్తలు వినుచు, ఒక వాక్యము వెనుకగా నడచుచు తెలుగున చెప్పుకొనవచ్చును. మొదటి దినమున మూడవ వాక్యమునకే ఊపిరి ఆడదు. ఎచ్చట ఆగిపోయితిరో ఆ మాటలను వ్రాసికొని, ఒక ప్రతిని తెలుగు మాస్టారికి, ఒక ప్రతిని తమిళ మాస్టారికి చూపుడు. ఆ ఇద్దరును ఒక మాటకు ఒకే అర్థము చెప్పనిచో ఇద్దరిని ఒకేచోట కూర్చుండబెట్టి, నడుమ మీరు నిలువుడు.